చూచి ఊరుకొనుట తప్పా?



చేసిన తప్పును గూర్చి ఆలోచించుట మనకు అలవాటే. చేయకుండా ఊరుకొన్నదానిని గూర్చి ఆలోచించుట అంత అలవాటు లేదు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన ఉన్నవారు ఒక మార్పును చూచి, "నిద్రమత్తేమోలే" అనుకొని ఊరుకొన్నారనుకోండి. దానివలన రోగికి నష్టము కలిగితే ఆ దోషము ఎవరిది? నర్సుదా, డాక్టరుదా, తోడున్న బంధువుదా? పది సంవత్సరాలకు పైగా ఈ ప్రశ్న నన్ను విడువలేదు. అందుకు కారణము మొదట చెప్పుకొంటాను.

మా అన్నయ్య కోలారు బంగారు గనులలో పనిచేసినారు. 2001లో గనులు మూతపడిన తరువాత బెంగళూరులో మా యింటనే ఉండేవారు. గుండె లయ తప్పి కొట్టుకొనే జబ్బు ఉన్నందున, రక్తము గడ్డకట్టకుండా మాత్రలు వేసుకొనేవారు. 2014లో జారిపడి తుంటి ఎముక విరిగినది. ఆపరేషనులో రక్తము ఎక్కువ పోకుండా ఆ మాత్రలు ఆపినారు. ఆపరేషను అయిన మూడవ రాత్రి నేను తోడు పడుకొన్నాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు అన్నయ్య నన్ను పిలిచి ఏదో అడిగినారు. మాట ముద్దగా వచ్చినది. రాత్రి డ్యూటీ నర్సు వచ్చి, "ఈయన మాట ఎప్పటిలాగే ఉన్నదా?" అని కన్నడములో నన్ను అడిగినది. ఆమెకు తెలుగు రాదు. ఆ మాటలో తేడా తెలిసినవాడిని ఆ గదిలో నేనొక్కడినే. ఆ వేళప్పుడు అందరినీ లేపి హడావుడి చేయుట ఎందుకని, "నొప్పి మందు మత్తు, అంతే" అన్నాను. ఆమె వెళ్లిపోయినది.

ఏడు గంటలకు డ్యూటీ మారినది. కొత్తగా ఉద్యోగములో చేరిన ఒక అమ్మాయి వచ్చినది. నేను ఫ్లాస్కులోని కాఫీ గ్లాసులో పోసి అన్నయ్య నోటికి అందించబోతుండగా ఆమె నా చేయి పట్టుకొని ఆపినది. ఆయనను నవ్వమని సైగ చేసినది. మూతి ఒక ప్రక్కకే కదిలినది. రెండు చేతులు ఎత్తించినది. కుడి చేయి నిలువక జారిపోయినది. వెంటనే డాక్టరుకు కబురు పంపి, ఈలోగా వేలు గుచ్చి షుగరు చూచినది. షుగరు బాగా పడిపోయినప్పుడు కూడ ఇటువంటి గుర్తులే కనిపించునట. తరువాత నన్ను ఒక్క ప్రశ్న అడిగినది: "ఈయనను బాగుండగా చివరిసారి ఎన్ని గంటలకు చూచినారు?"

రాత్రి పది గంటలకు మజ్జిగ త్రాగి బాగానే మాట్లాడి పడుకొన్నారని, నాలుగు గంటలకు మాటలో తేడా వచ్చినదని చెప్పినాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. రెండు సమయాలు కాగితము మీద వ్రాసుకొన్నది. నాలుగు తిట్లు తిట్టినా నాకు అంత బాధ కలిగేది కాదు.

అన్నయ్య బ్రదికినారు. కుడి చేయి, మాట పూర్తిగా తిరిగి రాలేదు. 2019లో కన్నుమూసినారు.

మన పెద్దలు పక్షవాతమును "గాలి సోకినది" అనేవారు. పావురము రక్తము పూయవలెనని చెప్పేవారు. నిజమునకు అది మెదడుకు వచ్చిన జబ్బు. మెదడుకు పోవు రక్తనాళము గడ్డ అడ్డుపడి మూసుకొనుట వలన గాని, చిట్లుట వలన గాని వచ్చును. పెద్ద నాళము మూసుకొన్నప్పుడు ఒక్క నిమిషములో సుమారు 19 లక్షల మెదడు కణములు నశించునని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికా వైద్యుడు లెక్క కట్టినారు. గడ్డ కరిగించే మందు సాధారణముగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలెను. సన్నని గొట్టము పంపి గడ్డను బయటికి లాగే చికిత్స మేలైనదని 2015లో రుజువైనది. కొందరు రోగులకు 24 గంటల వరకు కూడ అది పనిచేయునని 2018లో తేలినది. ఎంత త్వరగా చేసిన అంత మేలు.

ఆసుపత్రిలో ఉన్నవారికి ఇటువంటిది వస్తే వెంటనే తెలిసిపోవును గదా అని మనము అనుకొంటాము. అట్లు జరుగుట లేదు. ఇంటివద్ద మూతి వంకరపోతే కేకలు వేసి బండి పిలుస్తాము. ఆసుపత్రి మంచము మీద అదే జరిగితే మత్తుమందు అంటాము, నీరసము అంటాము. రోగి పడుకొనే ఉన్నాడు గనుక కాలు లాగుట కనబడదు. అందువలన బయటినుండి వచ్చిన రోగి కంటె లోపల ఉన్న రోగికి చికిత్స ఆలస్యమగుట పరిశీలనలలో తేలిన సంగతి.

డాక్టరు రోజుకు ఒకటి రెండు సార్లు వచ్చి చూచి వెళ్ళును. రాత్రింబగళ్లు రోగి ప్రక్కన తిరిగేది నర్సు. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ప్రచురించిన పుస్తకములో రోగిని గమనించుటకు ఒక అధ్యాయమే కేటాయించినది. నర్సు చేయగల మేలు చిన్నది కాదనుటకు ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన సాక్ష్యము. న్యూ సౌత్ వేల్సు రాష్ట్రములో 19 స్ట్రోకు వార్డులను తీసికొని, కొన్నింటిలో నర్సులకు మూడు పనులు నేర్పినారు: జ్వరము చూచి తగ్గించుట, షుగరు అదుపు చేయుట, మ్రింగగలడో లేదో పరీక్షించక నోటికి ఏమియు ఇవ్వకుండుట. మూడు నెలల తరువాత చూడగా, ఆ పనులు నేర్పని వార్డులలో మరణించినవారు లేక పరులపై ఆధారపడినవారు నూటికి 58 మంది, నేర్పిన వార్డులలో 42 మంది. 2011లో ఈ ఫలితములు వెలువడినవి. ఆ అమ్మాయి నా కాఫీ గ్లాసు ఎందుకు ఆపినదో నాకు అప్పుడు అర్థమైనది. మ్రింగలేనివానికి పోస్తే అది ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వచ్చును.

రాకుండా కాపాడుటలోను నర్సుకు పాలున్నది. నాడి పట్టి లయ తప్పినదని ముందుగా కనుగొనేది ఆమె. రక్తపోటు వ్రాసేది ఆమె. ఆపిన మాత్రలు మరల ఎప్పుడు మొదలుపెట్టవలెనని డాక్టరుకు గుర్తుచేయగలిగేదీ ఆమెయే.

ఇక నా ప్రశ్నకు వస్తాను. నేను ఉపాధ్యాయ శిక్షణ పొంది చాలాకాలము పాఠాలు చెప్పినవాడిని. ఒక పిల్లవాడు వెనుక బెంచీలో కూర్చుని బోర్డు మీద లెక్కలు తప్పుగా ఎక్కించుకొనేవాడు. మందబుద్ధి అనుకొన్నాను. ఆరు నెలలకు తెలిసినది, వానికి కంటిచూపు తక్కువ. వాడు కళ్ళు చికిలించుట నేను ప్రతిదినము చూచినాను, గాని ఎందుకని అడుగలేదు. తెలియకపోవుట ఒకటి. తెలిసికొనవలసినవాడు తెలిసికొనకపోవుట మరొకటి. అనుమానము కలిగియు మొగమాటముతో ఊరుకొనుట మూడవది. మొదటిదానిలో దోషము లేదు. రెండవదానిలో కొంత ఉన్నది. మూడవది నాలుగు గంటలకు నేను చేసినది.

ఆపరేషను అయి మూడు దినములే గనుక, నాలుగు గంటలకు చెప్పినా గడ్డ కరిగించే మందు ఇవ్వగలిగేవారము కామేమో అని తరువాత డాక్టరు అన్నారు. కొన్నాళ్లు ఆ మాటతో ఓదార్పు పొందినాను. తరువాత ఆలోచించగా అది నాకు సరిపడలేదు. ఆ సంగతి నాలుగు గంటలకు నాకు తెలియదు గదా! నేను ఊరుకొన్నది మందు పనికిరాదని కాదు, నలుగురిలో నవ్వులపాలు అవుదునేమో అని. ఫలితము ఎట్లున్నా ఊరుకొన్న కారణము మారదు.

ప్రతి అనుమానమునకు డాక్టరును లేపితే నర్సు ఉద్యోగము సాగునా అని కొందరు అడుగవచ్చును. అనుమానము తప్పయితే పోయేది ఒకరి నిద్ర, ఒక స్కాను ఖర్చు. ఊరుకొనుట తప్పయితే పోయేది ఒక మనిషి చేయి, మాట, కొన్నిసార్లు ప్రాణము. ఈ రెండు ఒక్క తూకము కావు. అయితే భారమంతా నర్సు నెత్తిన వేయుట న్యాయము కాదు. రాత్రివేళ ఒక్కతెకే వార్డంతా అప్పగించినవారికి, నిద్ర లేపినందుకు ఆమెను కసరినవారికి కూడ ఆ మౌనములో భాగమున్నది. ఒకసారి కసిరితే రెండవసారి ఆమె పిలువదు.

తెలుగునాడు విడిచి వచ్చిన మనకు మరొక బాధ్యత ఉన్నది. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ మాట్లాడే నర్సుకు మన వృద్ధుల తెలుగు ముద్దగా వచ్చినదో, మామూలుగా వచ్చినదో తెలియదు. అది మనమే చెప్పవలెను. గనుక తోడు కూర్చున్నవారు ముఖము, చేయి, మాట చూడవలెను. తేడా కనబడితే గంట ఎంతో గుర్తుంచుకొని, ఆ క్షణమే చెప్పవలెను. నర్సు చూచి సరే అనేవరకు నీళ్లు కూడ పోయరాదు. వేసుకొనే మాత్రల చీటీ దగ్గర ఉంచుకొని, ఆపిన మాత్ర మరల ఎప్పుడని అడుగవలెను. ఇంటివద్దనైతే 108కి ఫోను చేయవలెను.

మన సంఘాలలో నర్సు ఉద్యోగము చేసే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఒక ఆదివారము ఆరాధన తరువాత అరగంట వారిని ముందు నిలిపి ఈ సంగతులు మనకు నేర్పమని అడుగుదము. మా సంఘములో ముందు బెంచీలో నేను కూర్చుంటాను.