జట్టు ఎక్కడుంటుంది?

బాస్కెట్‌బాల్ జట్టు కోర్టులోకి దిగినప్పుడు కంటికి కనిపించేది అయిదుగురు ఆటగాళ్లు. వాళ్లలో ఎవరినైనా, ఎన్నిసార్లయినా బెంచీ మీది వాళ్లతో మార్చవచ్చు. ఏళ్లు గడిస్తే ఆటగాళ్లంతా మారిపోతారు, కోచ్ మారతాడు, ఒక్కోసారి యజమాని, ఊరు, లీగు కూడా మారతాయి. అభిమాని మాత్రం ‘మన జట్టు’ అంటూనే ఉంటాడు. ఇన్ని మారాక ఆ మాట దేనికి చెల్లుతుంది? మనిషిని గురించి బౌద్ధులూ నైయాయికులూ శతాబ్దాల తరబడి వాదించుకున్నది ఈ ప్రశ్న మీదే.

మెక్సికో నగరానికి చెందిన కాపిటానెస్ వృత్తి జట్టు 2016లో ఏర్పడి, 2017 నుంచి ఆ దేశపు జాతీయ లీగులో ఆడింది. తర్వాత అమెరికాలో ఎన్‌బీఏ నడిపే జీ లీగ్‌కు మారింది. 2021లో, కోవిడ్ కారణంగా, అక్కడి తొలి సీజన్‌ను సొంత నగరంలో ఆడలేక టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో మకాం పెట్టింది. 2022లో గానీ ఇల్లు చేరలేదు. జీ లీగ్‌లో బాగా రాణించినవాణ్ని ఎన్‌బీఏ జట్టు సీజన్ నడుస్తుండగానే పిలుచుకుపోవచ్చు. లీగు మారింది, హాలు మారింది, మనుషులు మారారు. జట్టు మాత్రం అదేనని అందరూ ఒప్పుకున్నారు.

హైదరాబాద్‌లో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. డెక్కన్ చార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఐపీఎల్ గెలిచింది. 2012లో దాని ఒప్పందం రద్దయింది. అదే ఏడాది నగర జట్టు హక్కును సన్ టీవీ కొన్నది, 2013 నుంచి సన్‌రైజర్స్ ఆడుతోంది. ఊరు అదే, ఉప్పల్ స్టేడియం అదే, డేల్ స్టెయిన్, శిఖర్ ధావన్ లాంటి ఆటగాళ్లూ అటు నుంచి ఇటు వచ్చినవాళ్లే. అయినా సన్‌రైజర్స్ తొలి కప్పు 2016దే. 2009 విజయం దాని ఖాతాలో లేదు. అంటే అవయవాలన్నీ మారినా ఒక జట్టు నిలిచింది, కొన్ని అవయవాలు మిగిలినా మరొకటి పోయింది.

బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేన భిక్షువు మిళిందరాజును అడిగిన ప్రశ్న రథం గురించి. ఇరుసు రథమా? చక్రాలా? కాడి, పగ్గాలా? విడిగా ఏదీ రథం కాదు, వీటిని మినహాయిస్తే మిగిలేదీ రథం కాదు. భాగాలు కూడినప్పుడు లోకం వాడే పేరే రథం అన్నది అక్కడ తేలిన విషయం. మాధ్యమికుడైన చంద్రకీర్తి ఇదే రథాన్ని ఏడు విధాలుగా వెదికి, ఏ విధంగానూ దొరకదని చూపాడు. భాగాల పోగే రథమైతే విప్పి కుప్ప పోసిన చెక్కలనూ రథమనాల్సి వస్తుంది. వేలంలో అమ్ముడై నలుదిక్కులకూ చెదిరిన ఆటగాళ్ల విషయంలోనూ ఈ అభ్యంతరం నిలుస్తుంది.

న్యాయ వైశేషికులు బౌద్ధుల ఈ వాదాన్ని ఒప్పరు. దారాల కంటే వేరుగా వస్త్రమనే అవయవి నిజంగా ఉందని వారి వాదం. అయితే ఒక్క దారం లాగినా పాత వస్త్రం నశించి కొత్తది పుడుతుందనీ వారే అంటారు. ఆ లెక్కన ఆటగాడు బెంచీకి వెళ్లిన ప్రతిసారీ కొత్త జట్టు పుట్టాలి. ఇది తర్కానికి నిలుస్తుందేమో గానీ, అనుభవానికి చాలా దూరం. ఆట నియమాలూ దీన్ని పాటించవు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అయిదుగురు సిద్ధంగా లేనిదే ఆట మొదలు కాదు. మొదలయ్యాక ఇద్దరు మిగిలినా జట్టు జట్టే, ఇద్దరి కంటే తగ్గితేనే ఓడినట్టు. బౌద్ధ భిక్షువుల వినయ నియమాల్లోనూ ఇలాంటి గీత ఉంది: నలుగురు భిక్షువులుంటేనే సంఘం.

సంఘమంటే ఏమిటో ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేటకు పాత పరిచయమే. అక్కడి ధనంబోడు మీది స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి కుటుంబంతో కలిసి ఇక్కడి మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు సమర్పించాడని శాసనం చెబుతుంది. ఆనాటి దాతలు విహారాలను ఫలానా భిక్షువుకని ఇవ్వడం అరుదు. వచ్చినవారికీ రాబోయేవారికీ కలిపి, నాలుగు దిక్కుల సంఘానికి ఇచ్చేవారు. ఇంకా పుట్టనివాడికి కూడా అందులో వాటా ఉంది. జట్టు అనే ఊహకు ఇంతకంటే లోతైన పోలిక దొరకదు.

పేరు ఒక్కటే చాలదనడానికి సాక్ష్యమూ ఇక్కడే ఉంది. ఈ స్తూపం దగ్గర దొరికిన ఒక బుద్ధమూర్తిని నాగార్జునాచార్యుని శిష్యుడైన జయప్రభాచార్యుని శిష్యుడు చంద్రప్రభుడు చేయించాడు. ఆ శాసనం లిపి దాదాపు 6వ శతాబ్దానిది కాబట్టి, ఆ ఆచార్యుడు శతాబ్దాల ముందటి మాధ్యమిక నాగార్జునుడు కాలేడు. పేరు మారినంత మాత్రాన వస్తువు పోదు కూడా. బేతవోలు అనే ఊరు జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కాలంలో ఆయన తండ్రి పేరున జగ్గయ్యపేట అయింది. నందిగామ, జగ్గయ్యపేట 2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. అక్కడి మునేరు నది పారే దారి మారలేదు.

మరి జట్టును నిలబెట్టేదేది? నాగసేనుడు రథం దగ్గర ఆగలేదు. రాత్రి తొలి జాములో వెలిగిన దీపజ్వాల, చివరి జాములో వెలిగే జ్వాల ఒకటి కాదు, వేరూ కాదన్నాడు. మామిడిపళ్ల దొంగ కథ చెప్పాడు: ‘అతను నాటింది వేరే పండు, నేను కోసింది వేరే పండు’ అని దొంగ వాదించినా శిక్ష తప్పదు, ఎందుకంటే ఈ పండు ఆ పండును ఆశ్రయించి పుట్టింది. రథం పోలిక కంటే ఈ రెండే ప్రశ్నకు దగ్గరివి. సంతతి అంటే కారణాల వరుస మాత్రమే అయితే అది చార్జర్స్‌కూ సన్‌రైజర్స్‌కూ మధ్య కొంత ఉంది. లేనిది పూచీ. వెనకటివారి అప్పునూ ఓటమినీ ‘ఇది మాది’ అని మీద వేసుకున్నవారికే వారి గెలుపు మీదా హక్కు వస్తుంది. తాత కట్టిన సంక్రాంతి కబడ్డీ జట్టులో మనవడు ఆడుతున్నప్పుడు మెట్ట పల్లెల్లో జరిగేది ఇదే. కాపిటానెస్ ఫోర్ట్ వర్త్‌లో ఉన్న రోజుల్లోనూ ఆ పూచీని వదలలేదు.

పూచీ తీసుకునేవారు లేకపోతే దీపం ఆరిపోతుంది. 2015లో మొదలై 2017 తర్వాత ఆగిపోయిన యూబీఏ బాస్కెట్‌బాల్ లీగులో తెలుగువారి వృత్తి జట్టు హైదరాబాద్ స్కై. దాని పేరుతో ఇప్పుడు కోర్టులోకి దిగేవారు లేరు. 2009 ఐపీఎల్ కప్పును తనదని చెప్పుకునే జట్టు కూడా 2013 నుంచి ఏ మైదానంలోనూ ఆడలేదు.