వెనుక వరుసలో చప్పుడు



ఆదివారం పూజలో మీ వెనుక వరుసలో ఎవరో అదే పనిగా దగ్గుతున్నారు. ఒక తల్లి ఒడిలో పసివాడు తాళాల గుత్తి పట్టుకుని ఆడిస్తున్నాడు. ఫాదరుగారి ప్రసంగం సగమే చెవిన పడుతోంది. అప్పుడు మనమేం చేస్తాం? ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాం. నోటితో ఏమీ అనం, నిజమే. కాని ఆ చూపులో ఏమున్నదో ఆ తల్లికి తెలిసిపోతుంది. వచ్చే ఆదివారం ఆమె బిడ్డనెత్తుకుని గుడి బయట వేపచెట్టు కింద నిలబడుతుంది. ఆ పై ఆదివారం రానే రాదు. మనకు మాత్రం పూజ ప్రశాంతంగా సాగిపోతుంది.

పునీత చిన్న తెరేజమ్మకూ ఇటువంటి వెనుక వరుస ఒకటి ఉండేది. ఫ్రాన్సు దేశంలోని లిసియు పట్టణంలో కార్మెల్ మఠాన 1888లో, 15 ఏళ్ళ ప్రాయంలో ఆమె చేరింది. సాయంత్రం ధ్యానవేళ ఆమె వెనుక కూర్చునే ఒక కన్యస్త్రీ ఏదో వింత చప్పుడు చేస్తుండేదట, రెండు గవ్వలను ఒకదానితో ఒకటి రాసినట్టు. తెరేజమ్మ చెవులు చురుకైనవి. ఆ చప్పుడు తప్ప మరేదీ వినిపించేది కాదు. ఒక్కసారి తిరిగి చూస్తే చాలు, ఆ కన్యస్త్రీ గ్రహించి మానుకునేది. తెరేజమ్మ తిరిగి చూడలేదు. ఓర్చుకోవడంలో ఒళ్ళంతా చెమటలు పట్టేవి. చివరకు ఆ చప్పుడును వినకుండా ఉండాలనే ప్రయత్నమే మానేసి, అదొక చక్కని సంగీతమన్నట్టు శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది. ఆ సంగీతాన్నే ప్రభువుకు అర్పించింది. బట్టలు ఉతికే చోట మరొక ఇబ్బంది. ఎదురుగా ఉన్న సోదరి గుడ్డలు ఎత్తినప్పుడల్లా మురికినీళ్ళు ఈమె ముఖాన చిందేవి. వెనక్కి జరిగి, ఆమెకు తెలిసేటట్టు ముఖం తుడుచుకోవాలని మొదట అనిపించిందట. అదీ మానుకుంది.

1897లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, క్షయతో బాధపడుతూ ఆమె రాసుకున్న సంగతులివి. మొదటిసారి చదివినప్పుడు, దాచడమెందుకు, నాకు నవ్వొచ్చింది. సింహాల ఎదుట నిలిచిన వేదసాక్షులెక్కడ, ఈ మురికినీటి చుక్కలెక్కడ? అయినా 1997లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఈమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఎందుకో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తపస్సు కాలంలో మనమూ త్యాగాలు చేస్తాం. మాంసం మానేస్తాం, కొందరు టీ కూడా మానేస్తారు. మంచిదే. అయితే ఆ త్యాగాన్ని ఎంచుకున్నది మనమే, కొలత పెట్టుకున్నది మనమే, ఈస్టరు నాడు ముగించేదీ మనమే. సిలువమార్గం నుంచి ఇంటికి వచ్చేసరికి కరెంటు పోయిందనుకోండి, మామగారు చెప్పిన కథనే పదోసారి మొదలుపెట్టారనుకోండి, అప్పుడు మన తపస్సు ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కురేనీయుడైన సీమోను పల్లె నుంచి తన దారిన తాను వస్తున్నవాడు. సైనికులు బలవంతంగా అతని భుజాన సిలువ పెట్టారు. ఎంత బరువుండాలో, ఎంత దూరం మోయాలో అతణ్ణి ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఓర్చుకొమ్మని చెప్పడం బహు తేలిక, బాధ ఎదుటివారిదైనప్పుడు మరీ తేలిక. తాగివచ్చి కొట్టే భర్తను సిలువ అనుకుని మొయ్యమ్మా అని ఏ ఆడబిడ్డకూ చెప్పకండి. కూలి ఎగ్గొట్టిన ఆసామిని ఓర్చుకొమ్మని కూలివానికి చెప్పకండి. అవి చిన్న ఇబ్బందులు కావు, అన్యాయాలు. తెరేజమ్మ ఓర్చుకున్నది తన ముఖాన పడిన నీళ్ళను. పక్కవారి ముఖాన పడినవాటిని ఓర్చుకొమ్మని ఆమె మనకు సెలవియ్యలేదు.

మరి మన సొంత చిన్న చిన్న ఇబ్బందులను తప్పించుకుంటే పోయేదేమిటి? ఒకరికి నష్టం లేదు కదా అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన భార్య చనిపోయిన రోజున నేను ఊళ్ళో లేను. తిరిగి వచ్చాక వెళ్ళి పలకరించాలి. వెళితే ఏం మాట్లాడాలి? ఆయన ఏడిస్తే ఏం చేయాలి? సెల్‌ఫోనులో వెలుగుతున్న కొవ్వొత్తి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. ఆ తరువాత 19 రోజులు ఆయన ఇంటి ముందు నుంచి పోకుండా, పక్క సందులోంచి చుట్టు తిరిగి బజారుకు వెళ్ళాను. యెరికో దారిలో అవతలి పక్కగా తప్పుకుని పోయిన యాజకుని గురించి ఉపదేశ తరగతిలో పిల్లలకు ఏటేటా చెప్పే మనిషిని నేను!

“ఏమండీ, ఇంకెన్నాళ్ళు ఆ సందులో తిరుగుతారు?” అని మా ఇంటావిడ అడిగింది. ఆ సాయంత్రం వెళ్ళాను.

“రండి మాస్టారూ, కూర్చోండి” అన్నారాయన. కూర్చున్నాను. నేను సిద్ధం చేసుకున్న రెండు మాటలూ గుమ్మంలోనే అయిపోయాయి. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. లేచి పోదామా అని మూడుసార్లు అనిపించింది. ఎంతసేపటికో ఆయనే లేచి, కాఫీ కలుపుతానంటూ వంటింట్లోకి వెళ్ళారు. గ్లాసు తెచ్చి నా చేతికిచ్చారు. తాగితే చేదు.

“పంచదార ఎక్కడ పెట్టేదో ఇప్పటికీ దొరకలేదు మాస్టారూ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను ఈ గదిలోకి వచ్చిందే లేదు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు” అన్నారు.

ఇద్దరం కలిసి అలమరలోని డబ్బాలు ఒక్కొక్కటే దించి మూతలు తీసి చూశాం. ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు. మినప్పప్పు డబ్బా వెనుక పంచదార కనిపించింది. ఆయన ఆ డబ్బాను చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు. తరువాత కిందపెట్టి, ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టారు.

మళ్ళీ గురువారం వెళ్ళాను. ఇప్పుడు బజారుకు ఆ దారినే వెళుతున్నాను.