కావడి ఎవరు మోయాలి?

మహాలయ పక్షంలో పెద్దలకు తర్పణాలు వదిలి, నవరాత్రులకు దేవాలయానికి వస్తున్న సొసైటీ కుటుంబాల ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాం. ముసలితనంలో మన సంరక్షణకు కావలసిన డబ్బు ముందుగానే ఏర్పాటు చేసుకుంటే, పిల్లల మీద నమ్మకం లేనట్లేనా?

"మాకు ఇద్దరు పిల్లలున్నారు, ఇంకా ఇన్సూరెన్సు ఎందుకండీ?" వైద్యవృత్తిలో ఉన్న మేము ఈ మాట తరచుగా వింటూ ఉంటాం. అందులో పిల్లల మీద ప్రేమ ఉంది, మన సంప్రదాయం మీద గౌరవం ఉంది. అయితే ఈ దేశపు లెక్క వేరు.

అరవై అయిదేళ్ళు నిండితే మెడికేర్ అన్నీ చూసుకుంటుందన్నది మనలో బాగా పాతుకుపోయిన అపోహ. మెడికేర్ వైద్యానికి ఇస్తుంది. స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి, మంచం మీంచి లేపి కూర్చోబెట్టడానికి ఏళ్ళ తరబడి మనిషిని పెట్టదు. నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేది కూడా, సాధారణంగా ఆసుపత్రిలో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి, ఆ తరువాత నర్సుల వైద్యం అవసరమైతేనే. అదీ గరిష్ఠంగా 100 రోజులు. 20 రోజులు దాటాక రోజుకింత అని మనమూ కట్టాలి. మెడికెయిడ్ ఇస్తుంది గాని, అది ఉన్నది చాలావరకు ఖర్చయిపోయిన వారికి. ఆస్తి పిల్లల పేర రాసేద్దామంటే, చాలా రాష్ట్రాల్లో గత 5 సంవత్సరాల బదిలీలు లెక్కలోకి తీసుకుంటారు. జెన్‌వర్త్ సంస్థ 2024 సర్వే ప్రకారం, నర్సింగ్ హోమ్‌లో సొంత గదికి మధ్యస్థ ఖర్చు సంవత్సరానికి 1,27,750 డాలర్లు.

ఇక ధర్మం సంగతి. అంధులైన తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుడి కథ మన పిల్లలకు చెప్తాం. యయాతి కథ అంతగా చెప్పం. శుక్రాచార్యుల శాపంతో ముసలితనం వచ్చిపడితే, యయాతి కొడుకులను ఒక్కొక్కరినే పిలిచి వాళ్ళ యౌవనం ఇమ్మన్నాడు. కాదన్న నలుగురినీ శపించాడు. చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. ఎన్నో ఏళ్ళు అనుభవించాక, కోరికలకు అంతు లేదని తెలుసుకుని, యయాతే ఆ యౌవనాన్ని కొడుక్కి తిరిగి ఇచ్చేశాడు.

శ్రవణుడూ, పూరుడూ ఇద్దరూ ఉత్తములే. తేడా తల్లిదండ్రుల్లో ఉంది. శ్రవణుడి తల్లిదండ్రులు నిస్సహాయులు. యయాతి చక్రవర్తి. మనలో ఎంతమందిమి నిస్సహాయులం? ముప్ఫై ఏళ్ళు ఇక్కడ ఉద్యోగాలు చేసి, ఇళ్ళు కొని, పిల్లల చదువులకు పైసా పైసా లెక్క వేసిన మనం, ఈ ఒక్క విషయంలో మాత్రం లెక్క వేయకుండా, "పిల్లలు చూడకపోతారా" అనుకుంటే అది ఎవరి తీరు?

ఏర్పాటు లేని ఇంట్లో ఆ బరువు చాలాసార్లు ఆడవాళ్ళ మీదే పడుతుంది. కూతురో కోడలో నలభై అయిదేళ్ళకు ఉద్యోగం మానేస్తుంది. ఆమె రేపటి ముసలితనానికి దాచుకోవలసిన డబ్బు ఈనాడే కరిగిపోతుంది.

"డబ్బుతో ప్రేమను కొనగలమా?" అని అడగవచ్చు. కొనలేం. మతిమరుపు జబ్బు ముదిరినవారిలో కొందరికి తరువాత నేర్చుకున్న ఇంగ్లీషు ముందు పోయి, చివరికి అమ్మభాషే మిగులుతుంది. "దాహం" అంటే అర్థం చేసుకునే మనిషి పక్కన లేకపోతే ఎంత ఖరీదైన గదీ ఇల్లు కాదు. అందుకే పిల్లలు కావాలి. ఎత్తడం, తుడవడం జీతానికి వచ్చిన మనిషి చేస్తే, పక్కన కూర్చుని చేయి పట్టుకోవడానికి కూతురికి ఓపిక మిగులుతుంది.

లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్సు ఆరోగ్యంగా ఉన్నప్పుడే దొరుకుతుంది. మనవాళ్ళలో షుగరు, గుండెజబ్బులు ఎక్కువ కనుక యాభైల్లోనే విచారించడం మేలు. ప్రీమియం తరువాత పెరగవచ్చు. అందరికీ సరిపడదు కూడా. అటువంటివారు విడిగా పొదుపు చేసుకోవచ్చు. ప్రభుత్వాలు ఇచ్చేది కొద్దే. వాషింగ్టన్ రాష్ట్రం 2023 జూలై నుంచి జీతాల్లో కోత పెట్టి మొదలుపెట్టిన పథకంలో నిర్ణయించిన పరిమితి 36,500 డాలర్లు. పైన చెప్పిన ధరకు అది నాలుగు నెలలకు కూడా చాలదు.

ఈ పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒక్క గంట కూర్చోబెట్టి మాట్లాడండి. కాగితాలు ఎక్కడున్నాయి, మనకు మాట పోతే వైద్యం విషయంలో ఎవరు నిర్ణయించాలి, ఎక్కడ ఉండాలని మన కోరిక... ఇవన్నీ చెప్పండి, రాసి సంతకం చేయండి.

పిల్లలు తమంతట తాము కావడి ఎత్తుకుంటే అది వాళ్ళ ప్రేమ, మన అదృష్టం. ఎత్తక తప్పని స్థితికి వాళ్ళను తీసుకురాకుండా చూసుకోవడం మన ధర్మం.

అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.