రెండు వెలుగుల నడిమి బాట

బళ్లారిలో ఎన్ని తలుపులు మూసినా ఎర్రదుమ్ము ఆగదు. సండూరు కొండల ఇనుపఖనిజపు మట్టి లారీల వెంట, గాలి వెంట వచ్చి మా నాపరాళ్ల మీద పలచగా పరుచుకుంటుంది. పొద్దున ఊడ్చిన చోటే మధ్యాహ్నానికి పాదం అచ్చు పడుతుంది. ఆ కసువు ఎత్తడానికి ఏడాదిగా మా ఇంట్లో ఒక రోబో తిరుగుతోంది. పళ్లెమంత గుండ్రన, జానెడు ఎత్తు కూడా లేదు. అది ఊడ్చే పని సరే, ఊడ్చి ఊడ్చి బ్యాటరీ అడుగంటే వేళకు తన చోటు వెతుక్కుంటూ వెళ్లే తీరు చూడాలి! ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

దాని నెత్తిన తిరిగే లేజరు గోడల దూరాలు కొలిచి ఇంటి పటం గీసుకుంటుంది. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్క కూడా ఉంటుంది. కానీ దుమ్ములో చక్రం జారితే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు మళ్లీ గోడలనే సాక్ష్యం అడిగి, తానెక్కడుందో సరిచూసుకుంటుంది. పటం గది దాకా, గోడ దాకా తీసుకొస్తుంది. చివరి మూరెడు దూరానికి మాత్రం ఎవరో ఒకరు పిలవాలి.

పిలిచేది చార్జింగ్ పెట్టె. కంటికి ఆనని పరారుణ కాంతిని అది ఎడమకొకటి, కుడికొకటి పంపుతుంది. రెండూ మినుకుమినుకుమంటాయి, దేని లయ దానిది. రోబో కన్ను ఆ రెంటినీ విడివిడిగా గుర్తుపడుతుంది. ఒక్కటే తగిలితే రెండోదాని కోసం పక్కకు జరుగుతుంది. రెండూ కలిసే సన్నని బాటలో పడగానే నిదానిస్తుంది.

ఒక రాత్రి దీపాలార్పి ఫోను ముందు కెమెరాతో ఆ పెట్టెను చూశాను. నల్లటి ప్లాస్టిక్ వెనుక లేత ఊదారంగు చుక్కలు! అవ్వను పిలిచి చూపించాను. ఆమె ఫోను పక్కకు తీసి చూసింది, మళ్లీ ఫోనులో చూసింది. "ఏమీ లేదనుకున్న చోట దీపం పెట్టినారే" అంది.

రెండు పిలుపుల నడుమ నడవడం మా ఊరికి కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి మైసూరులో కలిసింది. అవ్వ కసువు అంటుంది, పక్కింటి కన్నడ ఆమె కస అంటుంది. ఇద్దరి వాకిళ్లలోనూ అదే ఎర్రమట్టి.

వెలుగు వెతుక్కుంటూ గూటికి చేరే ఈ విద్య నిన్నమొన్నటిదీ కాదు. 1948, 49లలో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త ఎల్మర్, ఎల్సీ అని రెండు యంత్రపు తాబేళ్లు చేశాడు. బ్యాటరీ తగ్గితే అవి దీపం వెలిగే గూటికి పాకేవి. ఇళ్లు ఊడ్చే రూంబా 2002లో వచ్చింది. ఆ తాబేళ్ల ఆకలే మా నడవలో ఇప్పుడు తిరుగుతోందని నాకనిపిస్తుంది.

మొన్న మునిమాపు వేళ నేల మీద పడుకుని దగ్గరగా చూశాను. రోబో పెట్టె ముందుకు వచ్చింది. కొంచెం వంకరగా తగిలింది. వెనక్కి జరిగింది, ఒక్క క్షణం ఆగింది, వేలెడంత తిరిగి మళ్లీ వచ్చింది. అడుగున ఉన్న రెండు లోహపు పట్టీలు పెట్టె పట్టీలకు ఆనాయి. కరెంటు తగిలిన మరుక్షణం చక్రాలు ఆగిపోయాయి. అంచు చుట్టూ పసుపు కుంకుమ కలిపి గీసినట్టు ఎర్రదుమ్ము చార.

అవ్వ మంచం మీంచి తొంగిచూసింది.

"వచ్చినావా నాయనా" అంది.