సంతకం ముందా, మాట ముందా?

సెలవులకు రాయచెర్లు వచ్చిన మా అన్న మనవడు కంప్యూటర్ ఆటలో నడపడానికి ఒక బస్సు తయారు చేసుకున్నాడు. ఎవరో చేసిన ఆటలోకి మన బొమ్మను ఎక్కించడాన్ని మాడింగ్ అంటారట. పావగడ సోలార్ పార్కుకు భూములిచ్చిన అయిదు ఊళ్లలో మాదొకటి. ఆ పలకల నడుమ రోడ్డు మీద తన బస్సు పోవాలని వాడి ఆశ.

బస్సు బాగానే కుదిరింది. కానీ అద్దాల్లోంచి చూస్తే లోపల సీట్లు లేవు, అవతలి రోడ్డు కనిపిస్తోంది. మరిచిపోయావా అంటే, "లేదు తాతా, ఉన్నాయి" అని అద్దాలు తీసి చూపించాడు. నిజంగానే ఉన్నాయి.

బొమ్మకు వేసే రంగులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతోపాటు ఆల్ఫా అని నాలుగో అంకె ఉంటుందట. అది 0 అయితే పూర్తిగా పారదర్శకం, 255 అయితే ఏమీ కనిపించదు. వీడి అంకె సరిగ్గానే ఉంది. తప్పల్లా వరుసలో ఉంది. కంప్యూటర్ ఒక్కో వస్తువును గీస్తూ అదెంత దూరాన ఉందో రాసుకుంటుంది. అద్దాన్ని ముందు గీసి దాని దూరం రాసేస్తే, తర్వాత వచ్చిన సీటును "నీకు ముందు ఇంకొకటుంది" అని వదిలేస్తుంది. ముందున్నది అద్దమా గోడా అని చూడదు. అందుకని గట్టి వస్తువులన్నీ గీశాకే అద్దాలు గీయాలి. వాటి దూరం రాయకూడదు. వాడు అద్దాలను వేరుచేసి అలాగే సరిచేశాడు. సీట్లు కనబడ్డాయి.

నాకు బ్యాంకులో జరిగిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. పంట అప్పుకు ఒక ముసలమ్మ వచ్చింది. మడకశిర వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, కన్నడం మాట్లాడుతుంది గానీ చదవలేదు. కాగితాలేమో కన్నడం, ఇంగ్లీషు. రద్దీ రోజు. "ముందు సంతకం పెట్టమ్మా, తర్వాత అన్నీ చెబుతాను" అన్నాను. పెట్టింది. వడ్డీ, గడువు, గడువు దాటితే ఏమవుతుందో అన్నీ తెలుగులోనే చెప్పాను. ఆమె విని, "ఇప్పుడు చెప్తే ఏముంది సార్, పెట్టేస్తి కదా" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

నేను ఏదీ దాచలేదు. దాచకపోతే చాలునా? 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక ఆఫీసుల్లో పారదర్శకత అనే మాట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. కాగితం చూపిస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆలస్యంగానైనా చెప్పడం నయమే కదా అనవచ్చు. తెలుసుకోవడానికి నయమే, ఒప్పుకోవడానికి కాదు. వద్దనే వీలు పోయాక తెలిసింది ఆమెకు వట్టి కబురే.

పొరుగు భాషలో కాగితాలు నడిచే చోట బతికే మనకు ఇది ఎరుకే. అయినా ఆ రోజు తప్పు కన్నడానిది కాదు. నా నోట తెలుగు ఉంది, అయిదు నిమిషాలు ముందు పలకలేదు, అంతే.

ఇప్పుడు నా బల్ల దగ్గర ముందు మాట, ఆ తర్వాతే పెన్ను. క్యూ పెరుగుతుంది, వెనకవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.