విశ్రాంతియు నడకయు

ధ్యానభాగము: 1 రాజులు 19:1–8



పరుండుట సోమరితనమా? పరుండబెట్టుట ప్రేమయా? వయసుమళ్లిన తండ్రి కర్ర పట్టుకొని వాకిట నడువబోగా, "నీకెందుకు నాయనా, కూర్చో, మేము లేమా?" అని బిడ్డలు ఆపుదురు. అదే ఇంట, నాట్లు వేసి వచ్చిన కోడలు ఒక గడియ నడుము వాల్చినయెడల, "పొయ్యి ఎవరు ముట్టింతురు?" అని అడుగుదురు. ఒకరికి నడక లేదు. ఒకరికి విశ్రాంతి లేదు.

ఏలీయా యెజెబెలు బెదిరింపునకు జడిసి, అరణ్యములో బదరీవృక్షము క్రింద కూలబడి, చావు కోరుకొనెను. దేవుడు అతని గద్దింపలేదు; నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపగా, అతడు తిని మరల పరుండెను. దానికిని దూత అడ్డు చెప్పలేదు. రెండవమారు లేపినప్పుడు మాత్రము ముందున్న దూరప్రయాణమును జ్ఞాపకము చేసెను. ఆ భోజనబలముతో అతడు నలువది రాత్రింబగళ్లు నడిచి హోరేబు చేరెను. నిద్రయు దేవుని వరమే. తట్టి లేపిన చేయియు దేవుని వరమే.

1966లో అమెరికా దేశపు డల్లాసు పట్టణమున వైద్యులు ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారములు మంచముమీదనే ఉంచి పరీక్షించిరి. శ్రమకు ఓర్చు వారి శక్తి నాలుగింట ఒక వంతుకు పైగా తగ్గిపోయెను. ముప్పది ఏండ్ల తరువాత ఆ అయిదుగురినే మరల పరీక్షింపగా, ముప్పది ఏండ్ల వయస్సు చేసిన నష్టము కంటె ఆ మూడు వారముల మంచమే ఎక్కువ నష్టము చేసినట్లు కనబడెను. అటు పిమ్మట ఆరు నెలలు కొద్దికొద్దిగా పెంచిన వ్యాయామము వయస్సు తీసికొనిన ఆ శక్తిని వారికి తిరిగి ఇచ్చెను.

ఈ విషయమున మేమును తప్పినవారమే. మా ఇంటి పెద్దమ్మగారికి జ్వరము తగ్గిన పిమ్మట, గౌరవమనుకొని నెల దినములు మంచము దిగనీయలేదు. రెండు వీధులు దాటి మందిరమునకు నడిచి వచ్చెడి ఆమెను ఇద్దరు పట్టుకొనవలసి వచ్చెను. వైద్యుని సలహా చొప్పున మొదట మంచపుపట్టె పట్టుకొని నిలుచుట, తరువాత గడప వరకు, ఆ తరువాత వేపచెట్టు వరకు నడుచుట, అలసినచోట కూర్చుండుట: ఈలాగున ఆమె మరల మందిరము చేరెను.

అయితే దినమంతయు మడిలో వంగినవారితో ఇంకను నడువుడని చెప్పుట న్యాయము కాదు. వారికి కావలసినది నీడ, చాచుకొను చోటు, చాలినంత నిద్ర. ద్వితీయోపదేశకాండము 5:14 చూడుడి. విశ్రాంతిదినము యజమానునికి మాత్రమే ఇయ్యబడలేదు. దాసుడును దాసియు అతనివలెనే విశ్రమింపవలెనని ఆజ్ఞ. కావున విశ్రాంతి తీసికొనునది మాత్రమే కాదు, ఇచ్చునది కూడ. మన విశ్రాంతి ఇంకొకరి వీపుమీద మోపబడినయెడల అది విశ్రాంతిదినము కానేరదు.

ముసలివారిచేత పని చేయించుచున్నారని ఊరివారు అనరా? పని చెప్పుట వేరు; చేయగోరినవారిని ఆపకుండుట వేరు. తాతగారు కోళ్లకు నూకలు చల్లినను, అవ్వ నాలుగు అడుగులు వేసి ఆకుకూర కోసి తెచ్చినను, వారి కీళ్లకు కదలిక, కోడలికి ఒక గడియ విరామము. ఒక్క పనిలో ఇద్దరికిని మేలు.

అలసి వచ్చిన శిష్యులను ఏకాంత స్థలమునకు పోయి అలసట తీర్చుకొనుడనిన నోరే (మార్కు 6:31), ముప్పది ఎనిమిది ఏండ్లు పడియున్నవానిని లేచి పరుపెత్తుకొని నడువుమనెను (యోహాను 5:8). ఎవరికి ఏది కావలెనో ఆయన ఎరుగును. మనము మన ఇంటివారి ముఖము చూచి నేర్చుకొనవలెను. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మన ఇంట ఎవరు కూర్చుండవలెనో, ఎవరు లేవవలెనో చూతము.

ప్రభువా, అలసినవారికి నీడను, పడియున్నవారికి నీ చేతిని దయచేయుము. ఆమేన్.