రాముడు తీసుకున్న రసీదు

పళని కొండమీది దండాయుధపాణికి ఒంటిమీద గోచి, చేతిలో దండం తప్ప మరో ఆస్తి లేదు. పండు అన్న వినాయకుడికి దక్కిందని అలిగి, కైలాసం విడిచి వచ్చి ఒంటరిగా నిలబడ్డ కుర్రవాడు ఆయన. అన్నీ వదిలేసిన ఆ స్వామి గుడే ఇవాళ తమిళనాడులో రాబడి బాగా ఉన్న గుళ్లలో ముందు వరుసలో ఉంది. తైపూసం పండుగ వచ్చిందంటే కోయంబత్తూరు, ఉడుమలైపేట, మధురై, తేని వైపుల నుంచి కావడులు భుజానికెత్తుకుని జనం బారులు తీరి నడుస్తారు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లూ వారిలో ఉంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మొక్కు ఈ మురుగనుకి.

ఆ మొక్కులన్నీ చివరికి చేరేది హుండీలోకి. అది నిండగానే కొండమీది మండపంలో లెక్కింపు పెడతారు. మూటలు విప్పి కుప్ప పోస్తే పసుపంటిన పది రూపాయల నోటూ, ఉండ చుట్టిన అయిదొందల నోటూ, మలేసియా రింగిట్టూ, సింగపూర్ డాలరూ ఒకదాని మీదొకటి పడతాయి. వాటి మధ్య చిన్న చిన్న వెండి వేలాయుధాలు, బంగారు తాళిబొట్లు. దేవస్థానం ఉద్యోగులు, బ్యాంకువాళ్లు, దేవస్థానం నడిపే కాలేజీల విద్యార్థులు బారుగా కూర్చుని వేరు చేస్తారు. చివరికి మొత్తం ఎంతో ప్రకటిస్తారు, పేపర్లో వస్తుంది.

లెక్క తేలింది. మరి ఆ తరవాత? ఆ డబ్బు ఏ స్వామిదో ఆయన నోరు తెరిచి అడగడు.

మన చట్టం ఈ చిక్కును ఎప్పుడో గుర్తించింది. గుళ్లో ప్రతిష్ఠించిన దేవుడు న్యాయస్థానం దృష్టిలో ఒక వ్యక్తి. ఆస్తి ఆయన పేరున ఉంటుంది, దావా ఆయన పేరున నడుస్తుంది. అయితే తన వ్యవహారం తాను చూసుకోలేడు గనుక మైనరుతో సమానం. కలకత్తాలో ఒక కుటుంబం తమ ఇలవేల్పును ఎవరింట ఉంచాలని తగాదా పడితే, 1925లో ప్రీవీ కౌన్సిల్ ఆ దేవుడి ఇష్టం కూడా వినాలంది. ఆయన తరఫున మాట్లాడటానికి తగాదాలో ఏ స్వార్థమూ లేని మనిషిని పెట్టమంది. అయోధ్య కేసులో రామ్‌లల్లా కక్షిదారుగా నిలిచింది కూడా ఇలాంటి ప్రతినిధి ద్వారానే.

సొంతదారు మౌనంగా ఉన్నప్పుడు అతని సొమ్ము పట్టుకున్నవాడు దొంగతనం చేయకపోతే చాలా? లేక ఎవరూ అడగకముందే లెక్క చెప్పడం కూడా అతని ధర్మంలో భాగమా? ఈ ప్రశ్న గుడికి ఎంత వర్తిస్తుందో ఖజానాకూ అంతే వర్తిస్తుంది. పన్ను కట్టిన కూలీ, పింఛను కోసం ఎదురుచూసే ముసలామె, ఇంకా పుట్టని పిల్లలు కూడా ఒక రకంగా నోరులేని సొంతదారులే. వాళ్ల తరఫున అడగడానికే చట్టసభ.

గుడి లెక్కల్ని చట్టసభ దాకా తెచ్చిన కథలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. 1817లో మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఆలయాల మాన్యాల మీద పెత్తనం తీసుకుంది. పరాయి మతం వాళ్ల గుళ్లతో మనకేమిటన్న ఒత్తిడి ఇంగ్లండులో పెరగడంతో, 1863 చట్టంతో చేతులు దులుపుకుని స్థానిక కమిటీలకు అప్పగించింది. తరవాత జరిగింది మనకు తెలిసిన సామెతే: గుళ్లో లింగాన్ని మింగేవాడొకడుంటే, గుడినీ లింగాన్నీ కలిపి మింగేవాడు ఇంకొకడు. శ్రీకాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా రామరాయణింగారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా, 1925లో హిందూ దేవాదాయ చట్టం వచ్చింది. దాని చెల్లుబాటుపై సందేహాలు లేవడంతో 1927లో మళ్లీ చేశారు. గుడి ఆస్తులపై అజమాయిషీకి ఒక బోర్డు ఏర్పడింది.

గుళ్లను లెక్క అడిగిన ఆ ముఖ్యమంత్రిని లెక్క అడిగింది కూడా తెలుగువాడే. 1923 నవంబరు 27న మద్రాసు శాసన మండలిలో పానగల్లు మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టినవారు కట్టమంచి రామలింగారెడ్డి. ఇద్దరిదీ అప్పటి చిత్తూరు జిల్లానే. అధికార జస్టిస్ పార్టీలో ఉండి విభేదించి బయటికి వచ్చిన రెడ్డిగారు, మంత్రులు పదవుల్ని ఎలా వాడుతున్నారో సభలో నిలదీశారు. తీర్మానం ఇరవైకి పైగా ఓట్ల తేడాతో వీగిపోయింది. ద్వంద్వ పాలనలో మంత్రుల చేతిలో ఉన్న అధికారమే అంతంతమాత్రం. అయినా మంత్రి సభకు జవాబుదారీ అన్న మాట ఆ రోజు గట్టిగా వినబడింది.

1951లో ఆ బోర్డు స్థానంలో కమిషనర్‌నూ ప్రభుత్వ శాఖనూ తెచ్చిన చట్టం వచ్చినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి పూసపాటి కుమారస్వామి రాజా, రాజపాళయంలోని తెలుగు రాజుల ఇంటి బిడ్డ. శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు 1954లో ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లు కొట్టేసింది. పూజ ఎలా చేయాలో ప్రభుత్వం చెప్పరాదని, ఆస్తి నిర్వహణపై మాత్రం చట్టం అజమాయిషీ చేయవచ్చని గీత గీసింది. తమిళనాడులో ఇప్పుడు నడుస్తున్నది 1959 చట్టం. ఏటా శాసనసభలో దేవాదాయ శాఖ పద్దు చర్చకు వస్తుంది, మంత్రి లేచి జవాబు చెప్పాలి. పళని కూడా ఆ పద్దులోదే.

భక్తుడికి ఇదంతా ఎబ్బెట్టుగా ఉండవచ్చు. ‘సామికి వేసింది సామికే తెలుసు, నేనెందుకు అడగాలి’ అనుకునేవాళ్లు లక్షల్లో ఉంటారు. ఇచ్చి మరచిపోవడమే దానమని, గుప్తదానం అన్నిటికన్నా గొప్పదని పెద్దలు నేర్పారు కదా! నిజమే. ఇచ్చినవాడు మరచిపోతే అది అతని పుణ్యం. పుచ్చుకున్నవాడు మరచిపోతే దాన్ని పుణ్యం అనరు. నమ్మి ఓటేశాం, ఇక ప్రశ్నలేమిటి అనే ఓటరు కూడా ఈ రెండింటినీ కలగలిపేస్తున్నాడు.

నమ్మకం పేరుతో ప్రశ్న ఆగిపోతే ఏమవుతుందో పళనిలోనే చూశారు. మూలవిరాట్టును భోగర్ సిద్ధుడు నవపాషాణాలతో చేశాడని భక్తుల విశ్వాసం. అభిషేకాలతో ఆ మూర్తి అరిగిపోతోందన్న కారణం చూపి, 2004లో దాని ముందు సుమారు 200 కిలోల పంచలోహ విగ్రహాన్ని నిలిపారు. భక్తులు ఒప్పుకోలేదు. కొన్ని నెలల్లోనే దాన్ని పక్కకు తీసేశారు. అందులో వాడిన లోహం సంగతేమిటన్నది మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. 2018లో తమిళనాడు విగ్రహాల కేసుల విభాగం కేసు చేపట్టి, విగ్రహం పోతపోసిన స్థపతినీ ఆలయ మాజీ అధికారినీ అరెస్టు చేసింది. ఆరోపణ ఆరోపణే, రుజువు కోర్టు పని. కానీ అడగడానికి పద్నాలుగేళ్లు పట్టింది. విగ్రహం దించిన నెలలోనే లెక్క బయట పెట్టి ఉంటే, తప్పు చేయనివాడెవరైనా ఉంటే వాడికీ అప్పుడే ఊరట దొరికేది.

భక్తి ముందు లెక్కేమిటి అనేవాళ్లకు తెలుగు భక్తి సంప్రదాయంలోనే ఒక జవాబుంది. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారు కంచెర్ల గోపన్న సర్కారుకు చేరాల్సిన శిస్తుతో భద్రాచలంలో రామాలయం కట్టాడు. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మంత్రిగా చక్రం తిప్పుతున్న మాదన్న ఆయనకు మేనమామ అని చెబుతారు. మేనమామ మంత్రి అయినా గోపన్నకు చెరసాల తప్పలేదు. ఆ చెరలోనే ఆయన రాముడికి ఒక్కో నగకూ ఎంతైందో లెక్కచెప్పి దెప్పిపొడుస్తూ కీర్తన కట్టాడు. దేవుడికే పద్దు చదివి వినిపించిన భక్తుడు!

కథ ముగింపు తెలుగు పిల్లలందరికీ తెలుసు. రామలక్ష్మణులు మారువేషాల్లో రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లి ఆరు లక్షలు చెల్లించి, రసీదు తీసుకున్నారు. రాముడు తలుచుకుంటే చెరసాల తలుపులు విరగ్గొట్టగలడు, సుల్తాను మనసు మార్చగలడు. కథ కట్టిన జనం ఆ దారులేవీ ఆయనకు ఇవ్వలేదు. బాకీ కట్టించారు, కాగితం రాయించారు. పుణ్యకార్యం కోసమే అయినా ప్రజల శిస్తుకు లెక్క ఉండాల్సిందేనని జనానికి లోలోపల తెలుసు. ఇవాళ మంచి పథకానికే ఖర్చుపెట్టాం, ఎలా పెట్టామని అడగొద్దనే మంత్రి కోరుతున్న మినహాయింపు రాముడు కూడా పుచ్చుకోలేదు.

అన్నీ ఎప్పుడూ బట్టబయలుగా ఉండాలా అన్నది ఇంకో ప్రశ్న. అలంకారం వేళ గర్భగుడి ముందు తెర వేస్తే ఏ భక్తుడూ గొడవ పెట్టడు, తీసే వేళ ఒకటుందని తెలుసు కనుక. సర్కారు రహస్యాలూ అలాగే ఉండాలి. మన మంత్రులు పదవి చేపట్టేటప్పుడు రెండు ప్రమాణాలు చేస్తారు: ఒకటి పదవికి, రెండోది గోప్యతకు. దేవుడి మీదో మనస్సాక్షి మీదో ప్రమాణం చేసి మరీ నోరు కట్టేసుకుంటారు. ఇది పాత తెల్లదొరల అలవాటని గుర్తించి, గోప్యతా ప్రమాణం బదులు పారదర్శకతకు ప్రమాణం చేయించాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లో సిఫారసు చేసింది. ఇప్పటికీ చేయిస్తున్నది గోప్యతా ప్రమాణమే. 2005 సమాచార హక్కు చట్టంలో, పార్లమెంటుకు ఇవ్వనని చెప్పలేనిది పౌరుడికీ ఇవ్వనని చెప్పరాదని ఒక మాట రాశారు. 2023 డేటా పరిరక్షణ చట్టం ఆ సెక్షన్‌ను తిరగరాసినప్పుడు ఆ మాట ఎగిరిపోయింది.

సభలో అడిగితే సరిపోదు, ఇచ్చిన మాట వెంట పడాలి. అందుకే లోక్‌సభ 1953లో ప్రభుత్వ హామీల సంఘం పెట్టింది. ‘పరిశీలిస్తాం’ అని మంత్రి అన్న ప్రతి మాటనూ అది రాసిపెట్టుకుని ఏమైందని అడుగుతుంది. 1967 నుంచి ప్రజాపద్దుల సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా ఉండటం ఆనవాయితీ. ఖర్చుపెట్టినవాడే లెక్క సరిచూసుకోకూడదన్నది ఇందులోని ఇంగితం.

ఇక అన్నిటికన్నా చిక్కు ప్రశ్న: తాను చేయని తప్పుకు మంత్రి ఎందుకు తల వంచాలి? ఎవడు చేసిన కర్మ వాడే అనుభవించాలన్నది మన నమ్మకం కదా. అయితే రాజు విషయంలో ధర్మశాస్త్రం ఈ నియమాన్ని సడలించింది. కాపాడే రాజుకు ప్రజల పుణ్యంలో ఆరో వంతు, కాపాడనివాడికి వాళ్ల పాపంలో ఆరో వంతు అంటుంది మనుస్మృతి. పంటలో రాజు పుచ్చుకునే పన్ను కూడా ఆరో వంతేనన్నది ఆ కాలపు ప్రసిద్ధ లెక్క. రాబడిలో వాటా తీసుకున్నవాడు జరిగిన నష్టంలోనూ వాటా మోయాలి. అది నేరానికి శిక్ష కాదు, కూర్చున్న పీటకు అంటుకుని వచ్చే బరువు.

1948లో ఆ బరువు కోయంబత్తూరు బిడ్డ మీద పడింది. స్వతంత్ర భారత తొలి ఆర్థిక మంత్రి ఆర్.కె. షణ్ముఖం చెట్టి, పన్ను ఎగవేతల విచారణ కమిషన్‌కు పంపిన జాబితా నుంచి కొన్ని పేర్లు వెనక్కి తీసుకున్న వ్యవహారంలో విమర్శలు రాగా ఆగస్టులో పదవి వదులుకున్నారు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోతే, రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర ఇంకో రైలు వాగులో పడింది. శాస్త్రి మళ్లీ లేఖ ఇచ్చారు. తప్పు ఆయనది కాకపోయినా రాజ్యాంగ మర్యాద నిలవాలంటూ నెహ్రూ ఈసారి అంగీకరించారు.

మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి వంతు. జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంధ్రా కంపెనీల వాటాలు సుమారు కోటీ పాతిక లక్షలకు కొన్న సంగతిని 1957 డిసెంబరులో లోక్‌సభలో బయటపెట్టింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడు, నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ. జస్టిస్ ఎం.సి. చాగ్లా బొంబాయిలో బహిరంగ విచారణ జరిపితే జనం లోపల పట్టలేదు, బయట మైకులు పెట్టాల్సివచ్చింది. అది అధికారులు చేసిన పని అన్నది ఆర్థిక మంత్రి వాదన. కార్యదర్శి చేసినదానికి రాజ్యాంగపరంగా మంత్రే బాధ్యుడన్నారు చాగ్లా. 1958 ఫిబ్రవరిలో టి.టి.కె. దిగిపోయారు.

తరవాత ఆయన మళ్లీ వచ్చారు, మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు, మళ్లీ ఆరోపణలు వచ్చాయి. అవి అబద్ధాలని ప్రధాని వెంటనే తేల్చి చెప్పాలని ఆయన పట్టు. ముందు ప్రధాన న్యాయమూర్తి పరిశీలిస్తే మంచిదని ప్రధాని ఉద్దేశం. అది నచ్చక 1965 చివర టి.టి.కె. రెండోసారి రాజీనామా చేశారు. అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి.